ఒక్క గ్రాము కూడా పైకి పోనివ్వను

జూన్ 3, మంగళవారం. ఉదయం 10:20

హైదరాబాద్ నుంచి ఉత్తరం! ప్రభుత్వ ఆఫీసుల్లో ఓజోన్ పొరను తినేసే గ్యాసులున్న పాత ఫ్రిజ్‌లు, ఏసీలు లెక్క తీయాలట. పాడైనవాటిని పద్ధతి ప్రకారం వదిలించుకోవాలి. గ్యాస్ గాల్లోకి వదలకూడదు. గడువు ఇరవై రోజులు. ఆఫీసుకొక నోడల్ అధికారి.

మా కొండవాగు పశువైద్యశాలలో ఉన్నదే ముగ్గురం. డాక్టర్ భార్గవి గారికి పశువులున్నాయి. అటెండర్ సీతయ్య ఉత్తరం చూడగానే టీకి వెళ్లాడు. మిగిలింది జూనియర్ అసిస్టెంట్ జకర్యా, అంటే నేను. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి నా పేరు పక్కన 'అధికారి' అని పడింది!

11:00. లెక్క:

1. ఫ్రిజ్. 1993 నాటిది. టీకా మందుల కోసం. మూడు నెలలుగా చల్లబడటం లేదు. ప్రస్తుతం లోపల సీతయ్య టిఫిన్ డబ్బా, పాత హాజరు పట్టీలు. తలుపు మీద ముప్పై దసరాల పసుపు బొట్లు.

2. ఏసీ. డాక్టరమ్మ గదిలో. గ్యాస్ ఆ జాతిదే. కానీ వాడుకలో ఉంది కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. డాక్టరమ్మ జోలికి అసలే వద్దు.

11:30. అసలు సంగతి ఇది. జిల్లా స్టోరులో మాకో కొత్త ఫ్రిజ్ ఉంది. పాతది అప్పగిస్తేనే ఇస్తారు. పనిచేసే ఫ్రిజ్ లేనిదే మేకల పారుడు రోగం టీకా ఇవ్వరు. వానలు ముదిరేలోపు తండాల్లో మేకలన్నిటికీ అది పడాలి.

12:00. దీక్ష పట్టాను. ఈ ఆవరణ నుంచి ఒక్క గ్రాము గ్యాస్ కూడా పైకి పోనివ్వను. దేవుడు సాక్షి. టీ తాగి వచ్చిన సీతయ్య కూడా సాక్షి.

జూన్ 4. సాయంత్రం 6:30

మా ఆవిడ ఫ్లోరెన్స్ హైస్కూల్లో సైన్స్ టీచర్. "ఓజోన్ అంటే మన మీద గొడుగు లెక్కయ్యా. మీ ఫ్రిజ్‌ల గ్యాస్ పోయి దానికి చిల్లు పెడ్తది" అంది, తొమ్మిదో తరగతికి చెప్పే గొంతుతో.

ఆవేశం ఆగలేదు. ఆమె సెంటు స్ప్రే తీసి చెత్తబుట్టలో వేశాను.

6:40. "దాంట్ల ఆ గ్యాస్ బంద్ చేసి ఏండ్లయింది. తీస్తవా, ఆదివారం చర్చికి ఒక్కనివే పోతవా?"

తీశాను. తుడిచి పెట్టాను.

జూన్ 6. మధ్యాహ్నం 12:15

వైరా నుంచి మెకానిక్ కోటేష్ వచ్చాడు. ఫ్రిజ్ వెనక్కి వెళ్లి, తట్టి, విని తేల్చేశాడు. "కంప్రెసర్ ఖతం సార్. గ్యాస్ మాత్రం నిండుగనే ఉంది."

ఆ గ్యాస్ పట్టుకునే మిషన్ ఉందా అని అడిగాను.

"మిషన్ ఏడిది సార్? ఈ పైపు కట్ చేస్తే ఫుస్సుమంటది. రెండు నిమిషాలల్ల ఫ్రిజ్ ఖాళీ. అందరియి గట్లనే చేసిన."

"నా ప్రాణం పోయినా ఒప్పుకోను" అన్నాను. కోటేష్ డాక్టరమ్మ గది వైపు చూశాడు. మనుషులకూ మందులిస్తారేమో అనుకున్నట్టుంది.

జూన్ 8, ఆదివారం

మృగశిర. చేపల పులుసు. చర్చిలో పాస్టర్ గారు పరలోకం గురించి చెబుతుంటే నా మనసు దాని కింది అంతస్తులోనే ఉంది.

జూన్ 9. ఉదయం 10:45

దొరికాడు! గ్యాస్ పట్టే మిషన్ ఉన్న మనిషి. హైదరాబాద్‌లో. "పది పెట్టెలుంటె బండేస్కొని వస్తం సార్. ఫ్రిజ్‌లైనా సరే, ఏసీలైనా సరే. ఒక్కదానికోసం అంత దూరం ఎట్ల వస్తం?"

పదే కదా! చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఉన్నాయి.

సాయంత్రం 4:00. ఏడు ఆఫీసులకు ఫోన్ చేశాను. ఏడుగురూ ఒకే మాట. "మా దగ్గర అసుంటి ఫ్రిజ్ లేదు." ఒకాయన ఆ మాట అంటుండగా వెనక ఫ్రిజ్ మోత వినిపిస్తూనే ఉంది. ఉందంటే తామే నోడల్ అధికారి కావాల్సి వస్తుందని వాళ్లకు తెలుసు. నాకే తెలియలేదు.

జూన్ 11. మధ్యాహ్నం 3:00

జిల్లా స్టోరు ఫారం వచ్చింది. ఏడో గడి: లారీ ఎక్కించేముందు ఫ్రిజ్‌లో గ్యాస్ ఖాళీ అయి ఉండాలి. ఎనిమిదో గడి: గ్యాస్ గాల్లోకి వదలరాదు.

ఆరుసార్లు చదివాను. సీతయ్యకు చదివి వినిపించాను. "అయితే తాగాల్నా సార్?" అన్నాడు.

వివరణ కోరుతూ స్టోరుకు మెయిల్ పెట్టాను.

4:50. జవాబు: నిబంధనలు తప్పక పాటించగలరు.

జూన్ 13. ఉదయం 11:00

తండా నుంచి రూప్లి వచ్చింది. ఇరవై ఆరు మేకలు ఆమెకు. పొలం లేదు, వేరే ఆధారం లేదు. "రెండు పిల్లలకు ముక్కులు కారుతున్నయ్ సారు. సూది ఎప్పుడేస్తరు?"

గొడుగు, చిల్లు, పది పెట్టెలు, అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నది. తర్వాత తలెత్తి ఆకాశం వంక చూసింది.

"నువ్వు ఆకాశాన్ని కాపాడు సారు, మంచిదే. నా మేకలను ఎవలు కాపాడ్తరు?"

జవాబు ఫైల్లో వెతుకుతున్నట్టు నటించాను. సిగ్గేసింది.

జూన్ 16. మధ్యాహ్నం 1:30

వాన లేదు. కొలిమి పక్కన కూర్చున్నట్టుంది. డాక్టరమ్మ ఏసీ చల్లబడటం మానేసింది. మళ్లీ కోటేష్. మళ్లీ గ్యాస్. ఈసారి ఎక్కించడానికి.

గొట్టం బిగిస్తుంటే ఒకసారి 'ఫుస్' మంది. నేను కళ్లు మూసుకున్నాను. గ్యాస్ ఎక్కించడం వేరు, వదలడం వేరు. దీక్ష వదలడం గురించే కదా. పైగా ఏసీ వాడుకలో ఉంది. పైగా గది చల్లబడింది. ఫైళ్లు తీసుకుని అక్కడే కూర్చున్నాను. నాలుగున్నర దాకా.

కోటేష్ పోతూ పోతూ కటింగ్ ప్లేయర్ నా బల్ల మీద మర్చిపోయాడు. మర్చిపోయాడనే అనుకుంటున్నాను.

జూన్ 17. ఉదయం 9:50

రూప్లి గేటు దగ్గరే కూర్చుంది. లోపలికి రాలేదు. ఒక మేకపిల్ల చచ్చిపోయింది. తిట్టలేదు, ఏడవలేదు. "ఇంక ఇరవై ఐదు" అంది, అంతే.

డాక్టరమ్మ నన్ను పిలిచారు. "రోగం మొదలైంది జకర్యా గారూ. వారంలో టీకా వేయకపోతే తండాలో మేక మిగలదు. మీరేం చేస్తారో నాకు తెలియదు."

తెలియదు అంటే ఏమిటో నాకు తెలుసు.

జూన్ 18. మధ్యాహ్నం 1:10

డాక్టరమ్మ భోజనానికి వెళ్లారు. సీతయ్య టిఫిన్ డబ్బా బయటికి తీశాడు. ఫ్రిజ్‌ను వేపచెట్టు కిందికి లాగాం.

1:20. కట్ చేశాను. నేనే. నా చేత్తోనే.

ఫుస్సుమంది. కోటేష్ చెప్పినట్టు రెండు నిమిషాలు కాదు, నాకు రెండు గంటలనిపించింది. రంగు లేదు, వాసన లేదు. తలెత్తి చూస్తే ఆకాశం ఎప్పటిలాగే ఉంది. అదే ఇంకా బాధగా ఉంది. సీతయ్య ముక్కు మూసుకుని, "పైకి ఏమన్న చెప్పమంటరా సార్?" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

2:00. ఫారం. ఏడో గడి, ఖాళీగా ఉందా: ఉంది. ఎనిమిదో గడి, గాల్లోకి వదిలారా: అటువంటి సమాచారం రికార్డులో లేదు.

ఇరవై రెండేళ్ల సర్వీసు ఊరికే పోలేదు.

జూన్ 20. మధ్యాహ్నం 3:30

కొత్త ఫ్రిజ్ వచ్చింది! టీకా వచ్చింది! రూప్లి మేకలు ఇరవై ఐదింటికీ పడింది. చెవులు నేనే పట్టుకున్నాను. ఒకటి నా చొక్కా జేబు నమిలింది, నమలనిచ్చాను. సీతయ్య అప్పుడే కొత్త ఫ్రిజ్ తలుపుకు పసుపు బొట్టు పెట్టాడు.

రాత్రి 8:00. ఇంట్లో ఫ్లోరెన్స్‌కు నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "మేకలు బతికినయ్ గదా" అంది. "గని ఈ సంగతి మా బడి పిల్లలకు మాత్రం చెప్పకు" అని కూడా అంది.

జూన్ 24. ఉదయం 10:30

అభినందన ఉత్తరం! జిల్లాలో గడువులోపు 'సున్నా విడుదల'తో పాత ఫ్రిజ్ అప్పగించిన ఏకైక కార్యాలయం మాదట. రెండో పేరా చదివాక కూర్చున్నాను. అదే పద్ధతిలో వదిలించేందుకు మిగతా ఆఫీసుల ఫ్రిజ్‌లన్నీ మాకే పంపుతున్నారు.

మధ్యాహ్నం 2:00. లారీ. లేవన్నవాళ్లవే అన్నీ. దించి వేపచెట్టు కింద నిలబెట్టారు. తొమ్మిది. కోటేష్‌ను పిలిపించి చూపించాను. తొమ్మిదింట్లోనూ గ్యాస్ ఉంది.

సీతయ్య కటింగ్ ప్లేయర్‌తో వచ్చాడు. "అదే పద్ధతి కదా సార్?"

లాక్కున్నాను.

2:20. హైదరాబాద్‌కు ఫోన్. "తొమ్మిదా? ఇంకొక్కటి చూడుండ్రి సార్. పదైతె ఎల్లుండే వస్తం."

పదోది మా దగ్గరే ఉండేది. ఆరు రోజుల క్రితం దాకా.

5:00. ఇంటికి పోకుండా తొమ్మిదింటి మధ్య తిరుగుతున్నాను. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. డాక్టరమ్మ గదిలో ఏసీ. ఎనిమిది రోజుల క్రితమే నిండా గ్యాస్ ఎక్కించుకున్న ఏసీ. మిషన్ మనిషి ఏమన్నాడు? ఏసీలైనా సరే.

జూన్ 25. ఉదయం 9:30

దీక్ష. మొదటి రోజు. ఒక్క గ్రాము కూడా పైకి పోనివ్వను.

కటింగ్ ప్లేయర్ ఫ్లోరెన్స్ బీరువాలో ఉంది, తాళంచెవి ఆమె దగ్గరే. తాటాకు విసనకర్ర ఒకటి కొన్నాను. పెద్దది, ఎర్ర అంచుది.

9:40. డాక్టరమ్మ వచ్చారు. ఏసీ వేసుకున్నారు. విసనకర్ర వెనక దాచుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

9:42. తలుపు తట్టాను.