రెండో మంచం వెయ్యకు

జర్మన్ యుద్ధ ఖైదీల శిబిరం, కెనడా
1943 నవంబరు 7

అమ్మా, నేను బతికే ఉన్నాను. నేను పోయానని నౌకాదళం వాళ్లు ఉత్తరం పంపి ఉంటే దాన్ని పొయ్యిలో పెట్టు.

నాలుగుసార్లు క్షేమంగా తిరిగొచ్చిన మా జలాంతర్గామి ఐదోసారి మునిగింది. బాంబుల దెబ్బకు లోపలికి నీళ్లొస్తుంటే ఎలాగో పైకి తేలి, అందరం సముద్రంలోకి దూకేశాం. నలభై ఆరుగురిలో పందొమ్మిది మందిమి మిగిలాం. ఇంగ్లీషువాళ్లు ఓడ మీంచి తాళ్లు విసిరారు. నన్ను తాడు దాకా ఈడ్చుకెళ్లినవాడు వియార్డ్. రెండేళ్లుగా మా ఇద్దరికీ జలాంతర్గామిలో ఒకటే మంచం. వాడు కాపలాకి లేస్తే నేను పడుకునేవాణ్ణి. ఇక్కడ చెరొకటి ఇచ్చారు. అయినా నేను పడుకున్న నాలుగు గంటలకల్లా వచ్చి, "లేవరా సోమరీ, నా వంతు" అంటాడు. "నీ మంచం అదిగో, ఖాళీగానే ఉంది కదరా" అంటే, "అది చల్లగా ఉంది" అంటాడు.

టీ పొడి దొరుకుతోందా? చెల్లి హిల్కేకి దగ్గు తగ్గిందా? అటక గది కారకుండా నాన్న పెంకులు మార్చాడా? ఊలు మేజోళ్లు రెండు జతలు పంపు. ఎమ్డెన్ ఊరి మీద బాంబులు పడ్డప్పుడు వియార్డ్ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఉత్తరాలు పంచే వేళకి వాడు బయటికి వెళ్లిపోతాడు. వాడికీ ఒక కార్డు రాయి, "నాయనా" అని మొదలుపెట్టి. యుద్ధం అయ్యాక వాణ్ణి మనింటికే తెస్తాను. అడగడం లేదు, చెబుతున్నాను.

నాన్ననీ హిల్కేనీ అడిగానని చెప్పు. అటక గదిలో రెండో మంచం మాత్రం వెయ్యకు. వేసినా వాడు పడుకోడు, చల్లగా ఉందంటాడు.

నీ ఫోల్కెర్ట్