రోలండ్ కారు వెనక ఇరుసు

లెమ్‌స్టర్,
14 అక్టోబరు 2004

పాత స్పోర్ట్స్ కార్ల సంఘానికి పరీక్షకులూ, వెనక ఇరుసుల విషయంలో చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ పెద్ద దిక్కూ అయిన డెస్మండ్ ప్రాసర్ గారికి మ్యూరియల్ టాన్‌ఫీల్డ్ నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. మోకాలు తప్ప తక్కినవన్నీ పనిచేస్తున్నాయి. మీ ఇంటిల్లిపాదీ బాగుండాలి, మీతో సహా. ఇంతకంటే మర్యాద నా దగ్గర లేదు. నలభై ఏళ్లుగా నువ్వు అన్న మనిషిని కాబట్టి ఇక మామూలుగానే రాస్తాను.

మంగళవారం నువ్వు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చావు. నీ చేతుల కిరసనాయిలు వాసన నా స్వెటర్‌కి పట్టి ఇంకా వదల్లేదు. ఆ రోజు చెప్పాల్సింది చెప్పకుండానే నిన్ను పంపేశాను. అందుకే ఈ ఉత్తరం.

బ్రిస్టల్‌లో ఎవరో తన కారుకి అసలైన ఇరుసు కోసం వెతుకుతున్నాడన్నావు. మా షెడ్డులో టార్పాలిన్ కింద పడివున్న రోలండ్ కారు ఇరుసు ఫ్యాక్టరీలో బిగించిందేనా, మధ్యలో ఎవరైనా మార్చారా తేల్చాలన్నావు. చూసుకో అన్నాను. గోనెపట్టా పరుచుకుని మోకాళ్ల మీద కూర్చున్నావు. పళ్లు తోముకునే బ్రష్షుతో మురికి గీకుతూ, ఇదిగో పోత పోసిన నెల, ఇదిగో లోపలి గేరు పళ్ల లెక్క గుద్దిన చోటు, ఇదిగో తనిఖీవాడు పెట్టిన పసుపు చుక్క అని మనవణ్ణి ఎత్తుకున్న తాతలా మురిసిపోయావు. అన్నీ అసలువే, మ్యూరియల్, ఒక్క బోల్టు కూడా మారలేదు అన్నావు. నాకు నవ్వొచ్చింది. ఆ ఇరుసు మీదే నా మొగుడు పోయాడు, దానికి నువ్వు జాతకం చదువుతున్నావు.

తర్వాత చక్రాలు తగిలించే హబ్బుల దగ్గరికి వచ్చావు. అంకెలు చదివావు. లేచి అటు వెళ్లి చదివావు, మళ్లీ ఇటొచ్చి చదివావు. చూడటానికి రెండూ కవలల్లా ఉంటాయట గానీ ఒకదాని మర కుడికి తిరుగుతుందట, ఇంకోదానిది ఎడమకి. కుడివైపుది ఎడమకీ ఎడమవైపుది కుడికీ ఎక్కించారట. అలా పెడితే నట్టు ఎంత బిగించినా చక్రం దొర్లేకొద్దీ అదే విప్పుకుంటుందట. ఓరి దేవుడా మ్యూరియల్, నీ తప్పు కాదు, నువ్వు సుత్తి విరిగేలా కొట్టినా అది ఊడేదే అన్నావు. అని ఏడ్చావు.

ఇరవై మూడేళ్లకి తెలిసిందా నీకు?

ఆ ఏప్రిల్ ఉదయం నువ్వూ అక్కడే ఉన్నావు. చలికాలమంతా విప్పి బిగించిన కారుతో రోలండ్‌కి అది మొదటి ప్రయాణం. మన సంఘంలో ఆచారం ఒకటుందిగా, మగవాళ్లు స్టీరింగు ముందు దర్జాగా కూర్చుంటే ఆడవాళ్లం రాగి సుత్తి పట్టుకుని చక్రానికొకటి ఉండే రెక్కల నట్లని కొట్టి బిగించి రావాలి. నేను నాలుగూ కొట్టాను. మీరంతా టీ తాగుతూ, జాగ్రత్త రోలండ్, ఆవిడ అదే సుత్తితో ఇంట్లో నిన్నూ బిగిస్తుంది అని ఇకిలించారు. శాండ్‌విచ్‌ల బుట్టతో నేను వెనక కారులో వచ్చాను. కొండ దిగే మలుపులో అతని కుడి వెనక చక్రం ఊడి, కారుకంటే ముందు దొర్లుకుంటూ పోవడం ఈ కళ్లతో చూశాను. కారు పొలంలోకి పల్టీ కొట్టింది.

విచారణలో నిన్ను నిపుణుడని పిలిచారు. నట్టు మర చెడలేదు కాబట్టి అది సరిగా బిగించకపోవడం వల్లే ఊడిందన్నావు. బిగించింది ఎవరని అడిగితే నా వైపు చూశావు. ఆ చూపు చాలింది. పోటీలో బోల్టుకి కాస్త వేరే రంగు ఉంటే మార్కులు కోసే మనిషివి, ఆ రోజు వంగి హబ్బు మీద అంకె చదవలేకపోయావు. అవునులే, చచ్చినవాడి కారుకి కప్పు ఎవరిస్తారు!

మా హిలరీకి అప్పుడు పద్నాలుగేళ్లు. సమాధి దగ్గర అందరి ముందూ, ఇంకొక్క దెబ్బ కొడితే నీ సొమ్మేం పోయేదమ్మా అని అడిగింది. ఆ తర్వాత నాతో మనసు విప్పి మాట్లాడింది లేదు. ఇప్పుడు ఎబర్డీన్‌లో ఉంటోంది. క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది, లోపల పేరు తప్ప అక్షరం ఉండదు. నా మనవరాలికి నేను కారు నడపడం రాని అమ్మమ్మనట, నా కారెక్కొద్దని తల్లి చెప్పిందట. ఇదంతా నీ ఒక్క చూపు పెట్టిన భిక్ష.

ఇప్పుడేమో సంఘం పత్రికలో వ్యాసం రాస్తానంటావు. వార్షిక విందులో లేచి నిలబడి నాకు క్షమాపణ చెబుతానంటావు. హిలరీ అడ్రసివ్వు, నేనే రాస్తాను, తల్లీకూతుళ్లని కలిపేదాకా నిద్రపోనంటావు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వద్దు డెస్మండ్. మీ విందులో నాకు చప్పట్లు అక్కర్లేదు. పైగా, అన్ని కప్పులు గెలిచిన టాన్‌ఫీల్డ్‌కి కుడి ఎడమ తెలియదా అని రేపు అవే నోళ్లు రోలండ్‌ని అంటాయి. పోయినవాణ్ణి పోనివ్వండి.

నువ్విచ్చే ధ్రువపత్రంలో ఇరుసు అసలైనదని మాత్రం రాయి. హబ్బులు సరిగ్గా మార్చి ఆ బ్రిస్టల్ మనిషికి అప్పగించు, అతని పెళ్లామైనా సుఖంగా ఉంటుంది. ఎందుకు మార్చావో అతనికీ చెప్పకు. నింద మోయడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు దించమంటే ఎక్కడ దించాలో కూడా తెలియదు.

ఇట్లు,
ఒక్క దెబ్బ తక్కువ కొట్టిన
మ్యూరియల్ టాన్‌ఫీల్డ్

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. నువ్వు మొండిఘటానివి. ఇది నా కోపం అనుకుని, నా మేలు కోరి, ఎలాగో అడ్రసు సంపాదించి హిలరీకి రాసేస్తావు. అందుకని చెబుతున్నాను, చదివి పొయ్యిలో పడెయ్యి. ఆ చలికాలం రోలండ్ చెయ్యి విరిగి కట్టులో ఉంది. అయినా ఇరుసు పని మొత్తం ఒంటిచేత్తో చేశానని మీ దగ్గర కోతలు కోశాడు. ఆ హబ్బులు రెండూ ఎక్కించింది హిలరీ. వాటిలో కుడి ఎడమ ఉంటాయని దానికి వాళ్ల నాన్న చెప్పలేదు, ఇప్పటికీ దానికి తెలియదు. ఆ సాయంత్రం మోచేతుల దాకా గ్రీజుతో వంటింట్లోకి వచ్చి, వెనక చక్రాలవి రెండూ నేనే పెట్టానమ్మా, నాన్న ముట్టుకోనైనా లేదు అని గంతులేసింది. మంగళవారం నువ్వు ఆ అంకెలు చదువుతుంటే నాకు ఆ గొంతే వినబడింది. నా మీద కోపంతో అది ఇన్నేళ్లూ బతికింది డెస్మండ్. అలాగే బతకనియ్యి.