పన్నాఫీసుకి వెళ్ళిన కాలు

ఇంటిపన్ను అధికారి గారి సముఖానికి, కుర్చీల వడ్రంగి నమస్కరించి రాసుకునేది.

కోతమిల్లులో నా ఎడమకాలు మోకాలి కింద పోయింది. వికలాంగుల సొంతింటికి పన్ను తగ్గిస్తారని మొన్ననే తెలిసింది. డాక్టరు కాగితం జతచేశాను. తగ్గించకపోతే వీధి గది అద్దెకివ్వాలి. నా పనిముట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఆ గది పోతే నా పని పోయినట్టే. దయచూడండి.

చిత్తగించవలెను,
వడ్రంగి

తా.క. మీ మనిషి తనిఖీకి వస్తే మంచి కుర్చీ వేస్తాను.

&nbsp;

వడ్రంగి గారికి,

డాక్టరు కాగితం పాతది. కాలి ప్రస్తుత పరిస్థితి అందులో లేదు. అందుకని మా ఇన్‌స్పెక్టరు మీ ఇంటికొచ్చారు. మీరు నిచ్చెనెక్కి అటక మీంచి పలక దించారట, ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపారట. రెండు కాళ్ళూ భేషుగ్గా ఉన్నాయని రాశారు. దరఖాస్తు తిరస్కరించాం.

ఇట్లు,
ఇంటిపన్ను అధికారి

తా.క. కుర్చీ చాలా బాగుందన్నారు.

&nbsp;

అధికారి గారికి వేయి దండాలు.

మీ ఉత్తరం చదివి ఆనందం పట్టలేకపోయాను! ఆ ఎడమకాలు నేను చేసుకున్నదేనండీ. అసలైన టేకు. చీలమండ దగ్గర మడత కుదరడానికి ఎంత కుస్తీ పట్టానో నాకే తెలుసు. గవర్నమెంటు వారే పోల్చుకోలేదంటే ఇంకేం కావాలి! మీ ఉత్తరం పటం కట్టించి గోడకి తగిలించాను.

మీ విధేయుడు,
వడ్రంగి

తా.క. తిరస్కరించారన్న ముక్క మా ఆవిడ ఇప్పుడే చూపించింది. బాధగా ఉంది. ఆయన్ని మళ్ళీ పంపండి. కాలు తట్టి చూడమనండి.

&nbsp;

వడ్రంగి గారికి,

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి సుత్తితో తట్టారు. మీరు వీధంతా వినపడేలా కేకవేశారట. చెక్కకి నొప్పి తెలియదు కదా. పైగా ఇంట్లో కాళ్ళు తయారు చేస్తున్నట్టు మీరే ఒప్పుకున్నారు. కాబట్టి ఇకనుంచి మీ ఇంటికి దుకాణం పన్ను పడుతుంది.

ఇట్లు,
ఇంటిపన్ను అధికారి

తా.క. వాపు తగ్గిందా అని అడగమన్నారు.

&nbsp;

అయ్యా,

ఆయన కొట్టింది కుడికాలు! అది కాదు మొర్రో అంటే, "రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ" అన్నారు. దుకాణం పన్ను కూడా వేస్తే గదే కాదు, ఇల్లే మిగలదు. నాకు ఒళ్ళు మండింది. ఎడమకాలు ఊడదీసి, గోనెగుడ్డలో చుట్టి, దీంతోపాటే పంపుతున్నాను. తట్టుకోండి, గీరుకోండి, త్వరగా తిరిగి పంపండి.

ఒంటికాలి వడ్రంగి

తా.క. బాబుగారూ, నేను ఆయన భార్యని. మంచం దిగలేక, అయినదానికీ కానిదానికీ నామీద ఒంటికాలి మీద లేస్తున్నారు. ఉన్నది ఒకటేగా. కాలు పంపించండి, మీకు పుణ్యముంటుంది.

&nbsp;

వడ్రంగి గారికీ, మీ ఆవిడ గారికీ నమస్కారాలు.

పన్ను తగ్గించాం. దుకాణం పన్ను రద్దు. మీ గది మీకే.

కాలు ఆలస్యమైనందుకు మన్నించాలి. పరీక్షకని ఇంటికి తీసుకెళ్ళాను. మా నాన్నగారికీ ఎడమకాలు లేదు. రెండేళ్ళుగా కిటికీ పక్కన కుర్చీలోనే ఉన్నారు. పొద్దున నేను లేచేసరికి వంటింట్లో నిలబడి, టీలో పంచదార చాల్లేదని మా ఆవిడతో పోట్లాడుతున్నారు! కాలు కాస్త వదులైతే తువ్వాలు కుక్కుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఈ ఉత్తరం మీ చేతికిచ్చిన పెద్దాయన ఆయనే. మీ కాలు విప్పించి తీసుకుని, ఆయనకీ ఓ కాలు చెయ్యడానికి కొలతలు తీసుకోండి. తిరుగు ప్రయాణానికి బండి మాట్లాడాను.

కృతజ్ఞతలతో,
ఆయన కొడుకు

తా.క. ఆయన కాలు మాత్రం కొంచెం కిర్రుమనేలా చెయ్యండి. మా ఇల్లు ఆయన పేరునే ఉంది. మా వీధికి తనిఖీకొచ్చేదీ ఆ ఇన్‌స్పెక్టరే.