చెరువు మాట ఎత్తకు

ప్రియమైన నర్సమ్మక్కకి,
వానల దేశం నుంచి తిరిగొచ్చి క్యాంపులో పడ్డాం. ఫోన్లు లాగేసుకున్నారు, అందుకే ఈ ఉత్తరం. అక్కడి చెరువులో ఈత పోటీలో మూడో స్థానం కొట్టాను. ముందురోజంతా కుండపోత. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి, ఒడ్డునిండా పశువుల మందలు. వేగం కోసం అందరం రేజర్‌తో కాళ్ళు నున్నగా గీసుకున్నాం. తొందరలో నేను కాస్త కోసుకున్నాను కూడా. ఇప్పుడు ఒళ్ళు కాలిపోతోంది. పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి. ఈత బడలికేనంటున్నారు కోచ్ గారు. పెద్ద జట్టుకి ఎంపిక దగ్గరపడింది. దీవించు.
నీ చేపపిల్ల

ప్రియమైన చేపపిల్లా,
నీ ఉత్తరం మాకు పాఠాలు చెప్పే పెద్ద నర్సు గారికి చదివి వినిపించాను. పిక్కల దగ్గరికొచ్చేసరికి ఆవిడ మొహం మారిపోయింది. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్ళలో ఒక క్రిమి ఉంటుందట. చర్మం తెగినచోట లోపలికి దూరుతుంది. ఎలుక జ్వరం అంటారు. తొందరగా మందు పడితే తగ్గుతుంది. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి, ముందు ఆ చెరువు సంగతి చెప్పు. చెప్పకపోతే మామూలు జ్వరమనుకుంటారు. మన ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనే మొదట. ఈ ఒక్కసారికి నా చదువుని నమ్మవే.
నీ అక్క

ప్రియమైన అక్కా,
నీ చదువు సంగతేమో గానీ, నా జ్వరం మాత్రం నీ ఉత్తరం చూసి పారిపోయింది. నిన్న పూల్‌లో అందరికంటే ముందు నేనే గోడ తాకాను. ఎంపికయ్యాను. అంతకుముందే ఆసుపత్రికి వెళ్తానని అడిగానులే. "చెరువు మాట ఎత్తకు. జట్టు మొత్తాన్ని పరీక్షలకి లాగుతారు, ఎంపిక ఆగిపోతుంది," అన్నారు కోచ్ గారు. ఇంకో ఇద్దరికి ఒళ్ళు వెచ్చగానే ఉంది. వాళ్ళ నోటి దగ్గరి ముద్ద నేనెందుకు లాగేయాలి?
ఇక నిశ్చింతగా నిద్రపో.
నీ చేప

చెల్లీ,
జ్వరం తగ్గిందని చదవగానే పెద్ద నర్సు గారి దగ్గరికి పరిగెత్తాను. ఈ జబ్బు కొందరిలో కొన్నాళ్ళు నక్కి ఉండి, నయమైందనుకున్నాక మూత్రపిండాల మీద, కాలేయం మీద పడుతుందట. పక్కమంచం అమ్మాయిని నీ కళ్ళు చూడమను. పచ్చబడితే ఎవరి మాటా వినకు. సెలవు దొరకగానే రైలెక్కుతున్నాను.
అక్క

ప్రియమైన అక్కకి,
నేను చెబుతుంటే వార్డు నర్సు రాస్తోంది. నువ్వు రైల్లో ఉంటావు కాబట్టి, వచ్చాక నీ చేతికే ఇస్తానంది. నీ ఉత్తరం అందేసరికే కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం ఆగిపోయింది. ఎక్కడ ఈదావని డాక్టరు గారు అడిగితే కోచ్ గారే అందుకుని, పూల్‌లోనే అన్నారు. నేనూ తలూపాను. ఆయన వెళ్ళాక డాక్టరు గారిని పిలిపించి అంతా చెప్పాను. ఆ ఇద్దరికీ మందు మొదలైంది. ఎంపిక రద్దయింది. నన్ను చూడ్డానికి జట్టులోంచి ఎవరూ రాలేదు. నాకూ అదే మందు ఎక్కిస్తున్నారు. ఎప్పటికి తగ్గుతుందని అడిగితే, మీ వాళ్ళు ఎప్పుడొస్తారమ్మా అన్నారు డాక్టరు గారు.
అమ్మ అడిగితే నీళ్ళ వల్లనని చెప్పకు. అరచేతుల మీద పడుకోబెట్టి నాకు ఈత నేర్పింది తనే.
నీ చెల్లి