ఏలీయా గారికి వచ్చిన ఫారం

కొల్లేటికోట

ఏలూరు గాయాల రిజిస్టరు ఆఫీసు వారికి సుందరమ్మ వందనాలు చెప్పి రాయునది.

మీ ఫారం అందిందండి. "ఏలీయా గారూ, ఆర్నెల్ల క్రితం తగిలిన దెబ్బలు తగ్గాయా? పనికి వెళ్తున్నారా?" అని అడిగారు. మా అబ్బాయిని గారూ అన్నది మీరొక్కరేనండి. వాడు లేడండి. ఏలూరు నుంచి పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. మీ మీద కోపం లేదండి. నేను ఏడుస్తానని ఇక్కడెవరూ వాడి మాటెత్తరు. మీరెత్తారు. దేవుడు మిమ్మల్ని దీవించాలి.

వాడు గట్టు మలుపులో బండి మీంచి పడ్డాడు. అంబులెన్సు కోసం గంటన్నర చూశాం. చివరికి చేపల వ్యాను జమీర్ బాబు పెట్టెలన్నీ గట్టు మీద దింపేసి వాణ్ణి ఎక్కించుకున్నాడు. ఆ మేలు రాయడానికి మీ ఫారంలో గడి లేదు. అంచున రాశాను.

ఇట్లు,
సుందరమ్మ

తా.క.: ఫారంలో వాడి ఎత్తు ఎంతన్నారు. మా గుమ్మం వాడి తలకి తగిలేదండి.

*

ఏలూరు

సుందరమ్మ గారికి నమస్కారాలు.

క్షమించండమ్మా. "వేరే ఆసుపత్రికి పంపాం" అన్న దగ్గరే మా రిజిస్టరు ఆగిపోయింది. ఇప్పుడు సరిచేశాను. దేశమంతటా పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళ వివరాలు ఇలా ఒకచోట చేరుస్తాం. ఎక్కడ ఆలస్యమవుతోందో తెలిస్తేనే వైద్యం బాగుపడుతుంది. ఆ మలుపు దగ్గర అంబులెన్సు పెట్టమని అడగాలంటే ఒక్క కేసు చాలదు. మీ ఊళ్ళో దెబ్బలు తగిలినవాళ్ళు ఇంకా ఉంటే తెలపండి.

భవదీయుడు,
ఆనంద్ పాల్, డేటా ఎంట్రీ

తా.క.: గుమ్మం ఎత్తు కొలిచి పంపగలరు.

*

కొల్లేటికోట

ఆనంద్ పాల్ బాబుకి సుందరమ్మ దీవెనలు.

ఆదివారం గుడిలో మీ సంగతి చెప్పాను. పాస్టరు గారు ఆశీర్వాదం ఇవ్వకముందే జనమంతా లైను కట్టేశారు బాబూ. మీ ఫారానికి జిరాక్సులు తీయించి, అరవై ఒకటి నింపి పంపుతున్నాను. సారమ్మ వదిన, కోడలు గరిటెతో కొట్టిందని రాయించింది. "కొట్టలేదు, ఆవిడే అడ్డొచ్చింది" అని కోడలు మెర్సీ ఇంకో ఫారం నింపింది. రెండూ పెట్టాను. ఎవరిది నిజమో మీరే చూసుకోండి. కనకరాజు గారిని పదహారేళ్ళ క్రితం పీత కరిచింది. మచ్చ చూపించడానికి ఆయనే వస్తున్నారు.

ఇట్లు,
సుందరమ్మ

తా.క.: గుమ్మం అయిదడుగుల ఎనిమిదంగుళాలు. గేదెలకి ఫారం వేరే ఉంటుందా అండి?

*

ఏలూరు

సుందరమ్మ గారికి,

ఆసుపత్రిలో చేరేంత గాయాలే కావాలమ్మా. పీతకాట్లు వద్దు. ఫారాలన్నీ తిప్పి పంపుతున్నాను. కనకరాజు గారు మా మేనేజరు గారి టేబులు మీద కాలు పెట్టారు. నాకు మెమో ఇచ్చారు.

ఆనంద్ పాల్

తా.క.: గేదెలకు లేదు.

*

కొల్లేటికోట

బాబూ,

తప్పయిందండి. రాత్రంతా ఒక్కో ఫారం కూడబలుక్కుని చదివాను. ఏడుగురు మా అబ్బాయి పడ్డ మలుపులోనే పడ్డారు బాబూ. అందరూ గంటకి పైగా ఎదురుచూశారు. అయిదుగురు విసుగెత్తి నాటుకట్టు కట్టించుకున్నారు, అందుకే మీ లెక్కకి రాలేదు. ఆ ఏడూ ఎర్రదారంతో కట్టి పంపుతున్నాను. ఇవి మాత్రం తిప్పి పంపకండి. ఇంకో తల్లి ఆ గట్టు మీద కూర్చోకూడదు.

సుందరమ్మ

తా.క.: మేనేజరు గారికి రొయ్యల పచ్చడి పంపాను. మెమో వెనక్కి తీసుకుంటారేమో అడగండి.

*

ఏలూరు

అమ్మా,

ఎడం చేత్తో రాస్తున్నాను, అక్షరాలు సర్దుకోండి. మీ ఏడు ఫారాలు పైకి వెళ్ళాయి. గత సోమవారం నుంచి గట్టు మలుపు దగ్గర అంబులెన్సు ఉంటోంది. ఆ కబురు స్వయంగా చెబుదామని బండి మీద బయల్దేరాను. సరిగ్గా ఆ మలుపులోనే పడ్డాను. గంటలోపే ఆపరేషను బల్ల మీద ఉన్నానట. ఇంకో గంటయితే దక్కేవాణ్ణి కాదని డాక్టరు గారన్నారు. పరిగెత్తుకొచ్చినవాళ్ళలో మీరూ ఉన్నారని, నాతో అంబులెన్సు ఎక్కారని, నాకు తెలివి వచ్చేలోపే వెళ్ళిపోయారని నర్సమ్మ చెప్పింది.

ఆనంద్ పాల్

తా.క.: నా కేసు నేనే ఎక్కించుకున్నాను. ఆపరేషను కాగితం మీద సంతకం: సుందరమ్మ. సంబంధం: తల్లి. తప్పు కనబడితే దిద్దాలన్నది మా రూలు. దిద్దలేదమ్మా.