తక్కెడ బదులు నేను పెట్టిన ఇరవై

మార్చి 11, మంగళవారం. మోంటెవీడియో
పిల్లల ఆసుపత్రికి మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రామ్. రాసింది ఉలిసెస్. టెస్టులు రాయాల్సింది నేను. శుక్రవారం ఇచ్చేయాలి. క్లాసు అనే కోడ్ ముక్క లోపల ఒక ప్రైవేట్ మెథడ్ ఉంది, బయటినుంచి ముట్టుకోలేం, అది నేరుగా తూకం మెషీన్‌ని అడిగి పిల్లల బరువు తెస్తుంది. ఆఫీసులో తూకం మెషీన్ ఎక్కడిది, నా మొహం!

ఉలిసెస్ తను మాతే టీ తాగే సొరబుర్ర నా బల్ల మీద పెట్టి, "దాన్ని బయటికి లాగి వేరే క్లాసులో పెట్టమ్మాయ్, అప్పుడు విడిగా టెస్టు చెయ్యొచ్చు. దాని బదులు నకిలీది పెట్టి చేతులు దులుపుకోకు" అన్నాడు. చాదస్తం అనుకున్నాను.

మార్చి 13
నకిలీదే పెట్టాను. ఎప్పుడడిగినా ఇరవై కిలోలంటుంది. నలభై ఒక్క టెస్టులూ పాసై పచ్చగా వచ్చాయి. అసలుదాని సంగతి సోమవారం చూస్తానని ఆయనకి మాటిచ్చాను.

మార్చి 17
సోమవారం. వేరే పని పడింది.

ఏప్రిల్ 2, ఉదయం 11
ఆసుపత్రి నుంచి ఫోన్. తూకం మెషీన్ జవాబివ్వకపోతే, ఆ మెథడ్ అంతకుముందు తూచిన పిల్లాడి బరువే మళ్ళీ ఇస్తోందట. ఒరియానా అనే ఏడాదిన్నర పాపకి పన్నెండేళ్ళ పిల్లాడి మోతాదు ఎక్కించారు. ఐసీయూలో ఉంది. దేవుడా.

ఏప్రిల్ 3
మీటింగ్. మేనేజర్ ఇవోన్, "టెస్టులన్నీ పాసయ్యాయి, ఆ అమ్మాయి తన పని తను చేసింది. మరి కోడ్ రాసిన మహానుభావుడికేం పోయేకాలం?" అంది. ఉలిసెస్ నావైపు ఒక్కసారి చూశాడు. నేను భుజాలు కూడా తడుముకోలేదు.

సాయంత్రానికి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ముప్పై ఏళ్ళ సర్వీసు. లిఫ్టు దాకా వెళ్ళాను, ఏడుపొచ్చేసింది. "ఊరుకో అమ్మాయ్, తప్పు రాసింది నేనే కదా" అని నన్నే ఓదార్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏప్రిల్ 7
పాప పోయింది.

ఏప్రిల్ 8
ఆ మెథడ్‌ని బయటికి లాగి వేరే క్లాసులో పెట్టాను. మెషీన్ జవాబివ్వకపోతే ఏమవుతుందో చూసే టెస్టు రాశాను. మొదటిసారికే ఫెయిలయింది, పాత బరువే వచ్చింది. ప్రింట్ తీసి ఇవోన్ ముందు పెట్టి, అప్పుడు దీన్ని చూడకుండా నకిలీ పెట్టింది నేనేనని చెప్పాను. ఆవిడ తలుపేసి, "పిచ్చి పట్టిందా నీకు? ముందా కాగితం చింపెయ్" అంది. చింపలేదు.

ఉలిసెస్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆ పాప తల్లికి చెప్పావా?" అని అడిగాడు.

ఏప్రిల్ 9
చెప్పాను. ఆ టెస్టు రాయడానికి ఎంతసేపు పట్టేదని అడిగింది.

పదకొండు నిమిషాలన్నాను.