రెండు కార్ల చప్పుడు

రాజన్నా,

బొగ్గుబాయిలో పైకప్పు కూలి నువ్వు పోయాక నీ కొడుకు రవికిచ్చిన కొలువును వాడు వదిలేస్తాడట. హైదరాబాదులో ఖరీదైన కార్లమ్మే షోరూములో చేరతాడట. నిన్న ఫోనులో రెండు రేసు కార్లు చూపించి, వాటి చప్పుడు వినిపించాడు.

"కాకా, ఎర్రదాన్ని చప్పుడు కోసం కొంటరు, నల్లదాన్ని పేరు కోసం కొంటరు. ఏది మంచిగున్నది?"

"నాకు రెండూ బొగ్గు లారీ తీర్గనే ఇనవడ్తున్నయ్‌రా."

వాడు నవ్వి, కళ్లు మూసుకుని మళ్లీ విన్నాడు. బాయిలో పైకప్పు గట్టిగుందో లేదోనని కర్రతో తట్టి నువ్వూ అట్లాగే వినేవాడివి. ఆ ఒక్కనాడే నీ చెవి తప్పింది.

"హైదరాబాదుకే పోరా," అన్నాను.

ఆ బాయి కొలువు ఉన్నన్నాళ్లూ నువ్వున్నట్టేనంటుంది వదిన. వాడు పోతున్న సంగతి ఆమెకు నేనే చెప్పాలట. పొద్దున మీ వాకిలి దాకా పోయి, తిరిగొచ్చాను.

నీ మల్లేశం